బూడిదరంగు జర్కిన్

ఫోన్లోని ఫొటో చూడగానే చిట్టి ముందు గుర్తుపట్టింది మనిషిని కాదు, అద్దాన్ని. కింది మూల పగిలితే తనే టేపు అంటించిన షాపు అద్దం. దాని ముందు ఎర్ర జర్కిన్ వేసుకుని, భుజాలు కాస్త లోపలికి ముడుచుకుని, తన ఫొటో తానే తీసుకోవడానికి సిగ్గుపడుతూ నవ్వుతున్నాడు ఓ కుర్రాడు.

ఫోన్ పట్టుకున్నావిడ అతని అక్క. పొరుగూళ్లో లెక్కలు చెప్పే టీచరమ్మ. కబురు అందగానే ఉన్నపళంగా బస్సెక్కినట్టుంది, కాళ్లకు ఇంట్లో తొడుక్కునే చెప్పులే ఉన్నాయి. మొన్న పొద్దున తమ్ముడు పడమటి వాలుకని చెప్పి ఒక్కడే కొండెక్కాడనీ, సాయంత్రానికి దిగాల్సినవాడు దిగలేదనీ, నిన్నటి నుంచి జనం వెతుకుతున్నారనీ, ఎర్ర జర్కిన్ కోసం చూడమని అందరికీ ఈ ఫొటోనే పంపించాననీ గబగబా చెప్పింది. ఇంకేం కొన్నాడు, ఇంకే దారైనా అడిగాడా, ఒక్క ముక్క గుర్తున్నా చెప్పమని కౌంటర్ మీద రెండు చేతులూ ఆనించి అడిగింది.

చిట్టికి గుర్తులేకపోవడమేమిటి. వయసు నలభైకి దగ్గరపడుతున్నా అందరికీ చిట్టిగానే ఉండిపోయిన ఈ మనిషికి, కొండలెక్కే సామాను అమ్మడం తప్ప వేరే పని రాదు. బూటు వేయించి మడమ వెనక వేలు పెట్టి చూస్తుంది. వీపు సంచి నడుం పట్టీ తనే బిగించి, బరువు భుజాల మీద కాదు నడుం మీద పడాలని చెప్తుంది. ఎవరెవరో తాము నడిచిన దారులు ఫోన్లో పెడుతుంటారు కదా, అందులో ఏది కొత్తవాళ్లకి పనికొస్తుందో, ఏది పనికిరాదో కూడా తనే చూపిస్తుంది. ఈ కుర్రాడికి పడమటి వాలు దారి చూపించిందీ తనే. మందుల షాపులో పని చేస్తాడట, ఏమడిగినా ‘మీరే చెప్పండక్కా’ అన్నాడు.

ఎర్ర జర్కిన్ వేయించి చేతులు పైకెత్తమంది. నడుం దగ్గర జరగలేదు, మణికట్లు బయటపడలేదు. కొలిచి కుట్టినట్టుంది. అతను ఫొటో తీసి అక్కకి పంపాడు. సరిగ్గా అప్పుడే ఓనరు లోపలి గదిలోంచి సైగ చేశాడు. ఆ సైజులో ఎర్రది అదొక్కటే మిగిలింది, బ్యాంకాయన ఫోన్ చేశాడు, ఆయనకి ఉంచాలి. బ్యాంకాయనంటే మాటలా! ఈ ఊళ్లో సగం దారులు ఫోన్లో పెట్టేది ఆయనే, ఆయన వేసుకున్నదే పదిమందీ వచ్చి అడుగుతారు. చిట్టి తిరిగొచ్చి, రోజూ చెప్పే మాటని తలకిందులు చేసింది. కొండమీదికి మెరిసే రంగే వేసుకోవాలి, ఖర్మకాలి వెతకాల్సొస్తే కంటికి ఆనాలి అని చెప్పే నోటితోనే, “ఎర్రది ఇట్టే మాసిపోతుంది బాబూ, ఈ బూడిదరంగుది చూడు, మాసినా తెలియదు” అంది. కుర్రాడు ఎర్రది విప్పి, మడతపెట్టి మరీ ఇచ్చాడు.

ఇప్పుడు ఆ మాట చెప్పడానికే నోరు తెరిచింది. ఈలోగా ఓనరు పక్కకొచ్చి నిలబడ్డాడు. మా షాపులో కొన్నదేనమ్మా, మంచి సరుకు, చలికాగుతుంది, మీరు ధైర్యంగా ఉండండి అని టీచరమ్మకి టీ తెప్పించి, సగం తాగీ తాగకముందే గుమ్మం దాకా సాగనంపాడు. వెనక్కి వచ్చి చిట్టి మీద ఒంటికాలి మీద లేచాడు. రంగు మార్చి అమ్మామని తెలిస్తే రేపు ఈ షాపు గడప ఎవరు తొక్కుతారట. రంగు వల్ల చలేస్తుందా, రంగు వల్ల కాలు జారుతుందా అని అడిగాడు. అడ్డమైన ప్రశ్నలే. రోడ్డు మీద టీచరమ్మ ఆ ఇంటి చెప్పులతో కొండకేసి నడిచిపోతుంటే చిట్టి అద్దాల్లోంచి చూస్తూ నిలబడింది తప్ప, పరిగెత్తి పిలవలేదు.

ఆ పూటంతా ఆమె చేసిన పనల్లా తప్పే. ఒకాయనకి ఎడమ బూట్లు రెండు పెట్టి ఇచ్చింది. గుడారం విప్పి చూపించమంటే, విప్పింది మళ్లీ సంచిలో పట్టించలేక చెమటలు పట్టించుకుంది. మింగలేకా కక్కలేకా సాయంత్రం చేసింది.

చిట్టి మొగుడు కరెంటు లైన్‌మన్. స్తంభాలెక్కే మనిషి కాబట్టి, కొండమీద ఎవరైనా తప్పిపోతే వెతికేవాళ్లలో అతనూ ఉంటాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. రెండు రోజులుగా పడమటి రాళ్లవాలంతా కళ్లు చిట్లించి చూడటమే పని. బూట్లు కూడా విప్పకుండా గోడకి చేరగిలబడ్డాడు. చిట్టి తడిగుడ్డ తెచ్చి కళ్ల మీద వేసింది. ఆ రాళ్ల మధ్య ఎర్ర దారప్పోగు పడున్నా పట్టేసేవాణ్ణని గుడ్డ కిందనుంచే అన్నాడు.

చిట్టి అతని పక్కనే కూర్చుంది. ఇక ఆగకూడదనుకుంది. “ఏవండీ, ఆ జర్కిన్...” అని మొదలుపెట్టింది.

“దొరికిందిలే,” అన్నాడతను. “దొరికినట్టే.”

రోడ్డు పనివాళ్లు చూశారట. నిన్న మధ్యాహ్నం తూర్పు గట్టు మీద, చాలా పైన, ఎర్ర జర్కిన్ వేసుకున్న మనిషి ఒక్కడే నడుస్తూ కనబడ్డాడట. దారి తప్పి గట్టు దాటేసి ఉంటాడు, నడుస్తున్నాడంటే ప్రాణానికి భయం లేదు, రేపు తెల్లారేసరికి మనుషులందరినీ అటు మళ్లిస్తున్నారు. ఫారెస్ట్ గార్డు ఆ మాట చెప్పగానే టీచరమ్మ నేల మీద కూలబడి ఏడ్చిందని, అంతసేపూ బిగబట్టుకున్న మనిషి సంతోషంతో ఏడ్చిందని లైన్‌మన్ చెప్పాడు.

చిట్టి తడిగుడ్డ మళ్లీ తడిపింది. ఎర్రది ఎలా వచ్చిందని ఒక్కసారి అనుకుంది. వెంటనే, ఏమో, అతని దగ్గర ముందే ఇంకోటి ఉందేమో, ఇంకెక్కడైనా కొనుక్కున్నాడేమో, అక్కకి నచ్చిందని ఎర్రదే కావాలనుకున్నాడేమో అని తనకి తానే సర్దిచెప్పుకుంది. చెప్పాల్సిన పని తప్పిపోయింది. ఒంట్లోంచి జ్వరం దిగిపోయినట్టు హాయిగా అనిపించింది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తింది. తర్వాత తన మీద తనకి అసహ్యం వేసింది చూడండి, ఆ రెండు ముద్దలు తలుచుకునే.

మర్నాడు పొద్దున షాపు తీసి అద్దం తుడుస్తుండగా బ్యాంకాయన వచ్చాడు, ఎర్ర జర్కిన్ వేసుకుని. కొని నాలుగు రోజులు కాలేదు, జిప్పు సగంలో పట్టేసింది, ఇదేం సరుకని మొదలుపెట్టాడు. చిట్టి ఆయన చేత జర్కిన్ తలమీదుగా విప్పించి, కౌంటర్ మీద పరిచింది. లోపలి గుడ్డ జిప్పు పళ్ల మధ్య ఇరుక్కుంది. కొవ్వొత్తి ముక్క తీసి పళ్ల మీద రుద్దుతూ, గుడ్డని కొంచెం కొంచెంగా లాగుతోంది.

బ్యాంకాయన ఊరుకునే రకం కాదు. ఏ గుట్ట ఎక్కినా ఎక్కిన సంగతి లోకానికి తెలియందే ఆయనకి దిగినట్టుండదు. కొత్త దారి పెట్టాను చూశావా చిట్టీ అని ఫోన్ ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. పొద్దున పెట్టాడట, అప్పుడే ఎంతమంది మెచ్చుకున్నారో చూడమన్నాడు. ఒంటరిగా వెళ్లాను, పురుగన్నది కనబడలేదు, గాలికి నిలబడలేకపోయాను, కానీ ఏం దారి, ఏం దారి అని చెప్పుకుపోతున్నాడు.

“ఎక్కడండీ?” అంది చిట్టి, తలెత్తకుండానే.

“తూర్పు గట్టు. మొన్న.”

కొవ్వొత్తి చేతిలోంచి జారిపోయింది. అటు వైపు ఎవరైనా వెతుకుతూ కనబడలేదా అని అడిగింది. మొన్న ఎవరూ లేరనీ, నిన్నంతా ఒళ్లు నొప్పులతో పడుకున్నాననీ, ఎవరో పిల్లాడు తప్పిపోయాడని పొద్దున పాలవాడు చెప్తే విన్నాననీ, అనుభవం లేకుండా కొండలెక్కితే ఇంతేననీ అన్నాడాయన. ఆ అనుభవం లేని పిల్లాడు ఆయన ఇదివరకు పెట్టిన పడమటి దారి పట్టుకునే వెళ్లాడని చెప్పే ఓపిక చిట్టికి లేకపోయింది. ఈ క్షణాన తన మొగుడూ, మిగతా అందరూ, ఎర్ర జర్కిన్ కోసం తూర్పు గట్టు ఎక్కుతున్నారు. ఎర్ర జర్కిన్ తన కౌంటర్ మీద ఉంది.

జిప్పు అలాగే వదిలేసి, జర్కిన్ చంకన పెట్టుకుంది. కొయ్య మీదనుంచి బూడిదరంగుది ఒకటి లాగింది. ఇదేం పనని ఓనరు లోపలినుంచి కేకేశాడు, ఆ గడప దాటితే మళ్లీ తొక్కక్కర్లేదన్నాడు. ఆమెకి వినబడింది, కానీ తలకెక్కలేదు. నా జర్కిన్, నా జర్కిన్ అంటూ బ్యాంకాయన కొంతదూరం వెనకాలే వచ్చి, ఆయాసపడి ఆగిపోయాడు.

కొండ మొదట్లో టార్పాలిన్ కింద ఫారెస్ట్ గార్డు వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చుని ఉన్నాడు. టీచరమ్మ ఒక చెక్క మీద కూర్చుని తూర్పుకేసి చూస్తోంది. పక్కన సంచిలో తమ్ముడి కోసం తెచ్చిన పొడి బట్టలు. చిట్టి ఎర్ర జర్కిన్ ఆమె ముందు పెట్టింది. నిలబడే చెప్పింది అంతా. అమ్మింది తనేనని, మార్పించింది తనేనని, నిన్నే చెప్పాల్సిందని, చెప్పలేదని. ఓనరు పేరు ఎత్తలేదు. ఎత్తితే సగం తప్పు అటు పోతుందని తెలుసు, అందుకే ఎత్తలేదు.

గార్డు రోడ్డు పనివాళ్లలో ఒకణ్ణి పిలిపించాడు. అతను ఆ జర్కిన్ చూడగానే ఇదే రంగన్నాడు, వీపు మీద ఈ తెల్ల పట్టీ కూడా ఎండకి మెరిసిందన్నాడు. గార్డు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఎన్ని గంటలు, ఎంతమంది మనుషులు, ఎటు వెళ్లిపోయారు!

టీచరమ్మ తిట్టలేదు, కొట్టలేదు. తిట్టి కొట్టి ఉంటే చిట్టికి కాస్త ఊపిరాడేది.

“అయితే వాడి ఒంటి మీద ఏముంది?” అంది.

చిట్టి రెండోది చాచింది. టీచరమ్మ దాన్ని తీసుకుని టార్పాలిన్ బయటికి నడిచి, రెండు చేతులతో పైకెత్తి, పడమటి రాళ్లవాలుకి ఎదురుగా పట్టుకుంది. చాలాసేపు అలాగే పట్టుకుంది. ఆ వాలు నిండా ఏనుగంత బండలు, మేకంత రాళ్లు, అన్నీ అదే రంగు.

గార్డు తూర్పు వాళ్లందరినీ వెనక్కి రమ్మని వైర్‌లెస్‌లో చెప్తూనే, పడమటి వైపు రెండుసార్లు జల్లెడ పట్టామమ్మా అన్నాడు. రాయి రాయీ చూశామన్నాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఎర్రది లేని రాయిని చూడగానే చూపు పక్క రాయి మీదికి పోతుంది, అంతే. రెండు రోజులుగా అందరి కళ్లూ ఒకే రంగుకి అలవాటుపడ్డాయి.

టీచరమ్మ వెనక్కి తిరిగి బూడిదరంగు జర్కిన్ చిట్టి మీదికి విసిరింది.

“తొడుక్కో. వెళ్లి ఆ రాళ్లలో పడుకో. ఎలా కనబడతాడో వీళ్ల కళ్లకి ముందు తెలియాలి.”

చిట్టి తొడుక్కుంది. కొండలెక్కే సామాను ఇన్నేళ్లు అమ్మినా, ఆమె కొండెక్కింది తక్కువ. చేతులు నేలకానించి పాకుతూ ఎక్కింది. దారికి కాస్త పైన, రెండు బండల మధ్య చోటు చూసుకుని, తల మీదికి జర్కిన్ టోపీ లాక్కుని పక్కకి ఒరిగి పడుకుంది. రాయి చల్లదనం తుంటిలోంచి ఎముకల్లోకి దిగింది. కింద మనుషులు అగ్గిపుల్లల్లా కనిపిస్తున్నారు. గార్డు దుర్భిణి కళ్లకి పెట్టుకున్నాడు. దుర్భిణి ఆమె మీదినుంచి నెమ్మదిగా అటు వెళ్లింది, ఇటు వచ్చింది, మళ్లీ వెళ్లింది.

చూశాడనుకుంది. చూడలేదు.

తర్వాత టీచరమ్మ దుర్భిణి తీసుకుంది. చిట్టి ఎక్కడ పడుకోబోతోందో ఆవిడ కళ్లారా చూసింది, ఎక్కుతున్నంతసేపూ చూసింది. అయినా దుర్భిణి వేరే బండ దగ్గర ఆగిపోయింది. తూర్పు నుంచి జీపు వచ్చింది. లైన్‌మన్ దూకినట్టు దిగాడు. ఏం జరిగిందో గార్డు చెప్తుంటే విన్నాడు. దుర్భిణి అందుకున్నాడు. తర్వాత దాన్ని దించి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టి “చిట్టీ” అని పిలిచాడు.

పిలుపు స్పష్టంగా వినబడింది. కింద ఎవరో దగ్గితే అదీ వినబడింది. చిట్టి చెయ్యి పైకెత్తింది. పెళ్లై ఇన్నేళ్ల మొగుడు సూటిగా తనవైపే చూస్తున్నాడు, మొహంలో మొహం పెట్టినట్టు చూస్తున్నాడు, చూసి పక్కకి తిరిగాడు. ఆమె చెయ్యి ఊపింది. ఎవరూ తిరిగి ఊపలేదు. ఆ పిల్లాడు ఇలాగే ఎక్కడో పడుకుని, ఇలాగే చెయ్యి ఊపి ఉంటాడు. వీళ్లందరూ దగ్గు వినబడేంత దూరంలోంచి వెళ్లి ఉంటారు. ఆమె రాళ్ల మధ్యలోంచి లేచి నిలబడి గొంతు చించుకుని ఏడ్చింది. అప్పుడు చూశారు. గార్డు ఉలిక్కిపడి అడుగు వెనక్కి వేశాడు.

ఆ తర్వాత ఎవరూ కళ్లని నమ్మలేదు. గార్డు అందరినీ వరసగా నిలబెట్టాడు, చెయ్యి చాస్తే పక్కవాడి చెయ్యి తగిలేంత దగ్గరగా. చూసి వదిలెయ్యొద్దు, ప్రతి రాతి మీదా చెయ్యి వెయ్యండి, సందుంటే కర్ర పెట్టండి, తొందరపడొద్దన్నాడు. టీచరమ్మ కూడా వరసలోకి వచ్చింది. ఆ చెప్పులతో వద్దని గార్డు ఆపితే, చిట్టి తన బూట్లు విప్పి ఆమె ముందు పెట్టి, మేజోళ్లతోనే వరస చివర నిలబడింది. టీచరమ్మ ఆమె వైపు చూడకుండా బూట్లు తొడుక్కుంది.

వరస మెల్లగా పైకి జరిగింది. అరచేతులు గీసుకుపోయాయి. ఎవరో కాసేపటికోసారి ఆగమనేవారు, అందరూ ఊపిరి బిగబట్టి వినేవారు, గాలి తప్ప ఏమీ ఉండేది కాదు. ఎండ వాలు మీదినుంచి తప్పుకుంది. చీకటి పడితే దిగిపోవాల్సిందేనని గార్డు అప్పటికే చెప్పి ఉన్నాడు. రేపటిదాకా ఉండడని ఎవరూ అనలేదు, అందరూ అనుకున్నారు. చిట్టి రాళ్లు తడుముతూ, ఉండు బాబూ, ఇంకొంచెంసేపు ఉండు అని పైకే గొణుక్కుంటోంది. తన తప్పు తేలికవుతుందని కాదు, ఉద్యోగం తిరిగొస్తుందని కాదు. ఆ పిల్లాడు బతకాలి, అంతే.

వెలుతురు పలచబడ్డాక లైన్‌మన్ చెయ్యి వేసిన ఒక రాయి మెత్తగా తగిలింది.

అతను కేక వెయ్యలేదు. మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. పక్కవాడు అరిచాడు. పైనుంచి వాలిన బండ కింద కుర్రాడు ముడుచుకుని ఉన్నాడు. మోకాలి కింద ఎముక విరిగి కాలు పక్కకి తిరిగింది. పెదాలు పగిలి నెత్తురు గడ్డకట్టింది. కళ్లు తెరిచే ఉన్నాయి. దారికి ఎంత దూరమని తర్వాత అందరూ అడిగారు. దారి మీద నిలబడి రాయి విసిరితే తగిలే దూరం.

లైన్‌మన్ నీళ్ల సీసా మూతతో కొంచెం కొంచెం పోశాడు. కుర్రాడి గొంతు ఏనాడో పోయింది. గాలి లాంటి మాట వచ్చింది.

“మీరే కదా... రెండుసార్లు వచ్చారు. చెయ్యి ఊపాను. నా వైపే చూశారు.” ఊపిరి తీసుకున్నాడు. “చూసి కూడా వెళ్లిపోయారనుకున్నాను. ఇంక ఊపలేదు.”

లైన్‌మన్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఎంత ఎత్తు స్తంభం మీదైనా చెయ్యి వణకని మనిషి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. చిట్టి ముందుకొచ్చి కుర్రాడి మొహం దగ్గర వంగింది.

“ఎవరూ చూసి వెళ్లలేదు బాబూ. నువ్వు కనబడలేదు. నేను ఇచ్చిన రంగు అది.”

అతనికి అర్థమైందో లేదో తెలియదు. అక్క చెయ్యి తగలగానే కళ్లు అటు తిప్పుకున్నాడు.

స్ట్రెచర్ మీద కట్టి, చేతులు మార్చుకుంటూ కిందికి దించారు. జీపు వెనక సీట్లు మడిచి లోపలికి తోశారు. టీచరమ్మ ఎక్కి తమ్ముడి తల ఒళ్లోకి తీసుకుంది. మోసినవాళ్లు దూరంగా నిలబడ్డారు. చిట్టి చక్రం పక్కన నిలబడింది, నెత్తురు మరకలైన మేజోళ్లతో, ఎక్కడికి పోవాలో తెలియక. రేపు షాపు లేదు. ఇంటికి వెళ్తే మొగుడి మొహం చూడాలి.

“ఎక్కు,” అంది టీచరమ్మ.

చిట్టి కదల్లేదు. తనని కాదనుకుంది.

“నిన్ను క్షమించానని కాదు. ఇక ముందు క్షమిస్తానో లేదో నాకే తెలియదు. వాడి మంచి కాలు మంచుగడ్డలా ఉంది, నా చేతులు అందడం లేదు. ఎక్కి పట్టుకో.”

చిట్టి ఎక్కింది. రుద్దొద్దని గార్డు చెప్పాడు, అందుకని రుద్దలేదు. జర్కిన్ జిప్పు లాగి, ఆ పాదాన్ని లోపల తన పొట్టకి ఆనించుకుని, రెండు చేతులా పొదివి పట్టుకుంది. ఆ చలికి పళ్లు టకటకలాడాయి. జీపు గతుకుల్లో మెల్లగా సాగింది. తారు రోడ్డు ఎక్కాక ఆ కాలివేళ్లు ఒకసారి కదిలాయి. ఆ మాట టీచరమ్మకి చెప్పడానికి చిట్టి నోరు తెరిచింది, ఈసారి చెప్పింది.